పంటిచికిత్సయు నొప్పియు: హైదరాబాదు నేర్పిన పాఠము

నేటి ప్రసంగమునకు విషయము పన్ను. ఊడిన పంటి చోట దవడయెముకలో లోహపు వేరు నాటి, దానిమీద క్రొత్త పంటిని నిలుపు శస్త్రచికిత్స యొకటి కలదు. దానిని వైద్యులు ఇంప్లాంటు అందురు. బాన్సువాడ చుట్టుపట్ల పల్లెలలో ఈ మాట నేడు వినరానిది కాదు. పట్టణములలో నున్న కొడుకులు, కోడండ్రు, పండ్లూడిన తల్లిదండ్రులను చికిత్స చేయించుకొమ్మని తొందర పెట్టుచున్నారు. పెద్దలు మాత్రము ఒక్క ప్రశ్న వేయుచున్నారు: "ఎముకకు తూటు పొడిచెదరట, నొప్పికి తాళగలమా?"

ఈ ప్రశ్న పిరికితనము వలన పుట్టినది కాదు. దాని వెనుక తరతరముల జ్ఞాపకమున్నది. ఆ జ్ఞాపకము నిజమైనదే. ఐనను అది పుట్టిన కాలము వేరు, నేటి కాలము వేరు. ఈ రెంటి నడుమ నూటడెబ్బదియేండ్లకు పైబడిన చరిత్ర యున్నది. అందులో ఒక ముఖ్యమైన ఘట్టము మన హైదరాబాదులోనే నడచినది. ఆ చరిత్ర తెలిసినచో ప్రశ్నకు సమాధానము తనంతట తానే దొరకును.

పూర్వము పన్ను తీయుట యెట్లుండెడిదో పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. మన పల్లెలలో కురుపులు కోయుట, పండ్లు పెరుకుట వంటి పనులు పెక్కుచోట్ల మంగలివారి చేతిలోనే యుండెడివి. ఐరోపాఖండమునందును అంతే, అక్కడ క్షురకులే శతాబ్దములపాటు శస్త్రవైద్యులుగా నుండిరి. రోగిని ఇద్దరు మనుష్యులు గట్టిగ పట్టుకొనవలెను, పట్టుకారు బిగింపవలెను, ఒక్క పెట్టున లాగవలెను. అప్పుడు నేర్పనగా వేగమే. ఎవడు త్వరగా పని ముగించునో వాడే మంచి వైద్యుడు. నొప్పిని తగ్గించు సాధనములు లేవనలేము గాని అవి చాలునవి కావు. శస్త్రచికిత్సకు ముందు, మద్యపానపు అలవాటు గలవానికి తీక్ష్ణమైన మద్యమునిమ్మని సుశ్రుతసంహిత చెప్పినది. వేలయేండ్లు గడచినను లోకము దానికి మించి ఎంతయో ముందుకు పోలేదు. సారాయి, నల్లమందు, లవంగతైలము, దైవప్రార్థన, ఇవియే రోగికి దిక్కు. కనుక పంటివైద్యుని పేరు వినగానే తాతలు వణకిరనిన అందులో వింత లేదు.

ఈ స్థితిని మొదట మార్చినవారు రాజవైద్యులు గారు, గొప్ప శస్త్రవైద్యులును గారు. పండ్లు పెరుకుటయే జీవనముగా గల దంతవైద్యులే నొప్పిని గెలుచు మార్గమును వెదకిరి. అందుకు కారణము సులభముగా ఊహింపవచ్చును. కాలు కోయించుకొనవలసినవాడు నొప్పికి భయపడినను ప్రాణము కొరకు ఒప్పుకొనును. పన్ను నొప్పి గలవాడు గుమ్మము దాక వచ్చి, లోపలి కేకలు విని వెనుకకు మరలును. వైద్యుని కూడు పోవును.

అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున హొరేసు వెల్సు అను దంతవైద్యుడుండెను. 1844వ సంవత్సరము డిసెంబరు నెలలో ఆయన ఒక వినోదప్రదర్శనకు పోయెను. అక్కడ నైట్రస్ ఆక్సైడు అను వాయువును జనులకు పీల్పించి, వారి నవ్వులు చూచి నవ్వుకొనుచుండిరి. ఆ మత్తులో ఒకని కాలికి గాయమైనను వానికి నొప్పి తెలియలేదు. వెల్సు దానిని కనిపెట్టెను. మరునాడే ఆ వాయువును తాను పీల్చి, తన పంటినే మరియొక దంతవైద్యునిచేత తీయించుకొనెను. నొప్పి తెలియలేదు. కాని 1845లో బోస్టను నగరమున పెద్దల యెదుట చేసి చూపబోగా మత్తు చాలక రోగి మూలిగెను; చూచువారు ఎగతాళి చేసిరి. వెల్సు మనసు విరిగి 1848లో దీనముగ మరణించెను. ఆయన శిష్యుడును సహచరుడునై యుండిన విలియం మోర్టను అను దంతవైద్యుడు ఈథరు అను ద్రవముయొక్క ఆవిరిని పీల్పించి, 1846 సెప్టెంబరు 30వ తేదీన ఒకని పన్ను నొప్పి లేకుండ తీసెను. అక్టోబరు 16వ తేదీన బోస్టను ఆసుపత్రిలో శస్త్రవైద్యుల యెదుట ఈథరు నిచ్చి మెప్పించెను. ఆ దినము మొదలు శస్త్రవైద్యము స్వరూపమే మారిపోయినది. మరుసటి యేడు 1847 నవంబరులో ఎడింబరో నగరమున జేమ్సు సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. ఇది కొంచెము పరిమాణముతోనే పని చేయును, మంటకు అంటుకొనదు, వాసనయు హితముగ నుండును. శీఘ్రముగ దేశదేశములకు వ్యాపించినది.

ఇంతవరకు కథ మంగళకరముగ నున్నది. కాని 1848 జనవరిలో ఇంగ్లండునందు పదునైదేండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారమీయగా ఆమె నిమిషములలో మరణించెను. పిదప అట్టి మరణములు మరికొన్ని వినవచ్చెను. వానిలో కొన్ని దంతవైద్యుని కుర్చీలోనే జరిగినవి. గోరు కొరకు, పన్ను కొరకు ప్రాణము పోవుటా యని లోకము కలవరపడెను. నొప్పిని పోగొట్టినది సరే, ప్రాణము మాటయేమి? మత్తు గుండెను ఆపుచున్నదా, శ్వాసను ఆపుచున్నదా? కొందరు వైద్యులు నాడిని చూడుమనిరి. కొందరు శ్వాసను చూడుమనిరి. నలుబదియేండ్లు ఈ వాదము తెగలేదు.

ఈ వాదమును తీర్చ బూనుకొన్న స్థలము మన హైదరాబాదు. నేటి నిజామాబాదును ఇందూరు అని పిలుచుచుండిన రోజులవి. ఇందూరునకు ఇంకను రైలు రాలేదు. నేడు కామారెడ్డి జిల్లాలో నున్న ఈ బాన్సువాడ ప్రాంతము అప్పుడు నిజాము రాజ్యములోనిది. ఆరవ నిజాము మహబూబు అలీఖాను పరిపాలించుచుండెను. ఎడ్వర్డు లారీ అను వైద్యుడు హైదరాబాదు రెసిడెన్సీలో శస్త్రవైద్యుడుగాను, హైదరాబాదు వైద్యపాఠశాలకు అధ్యక్షుడుగాను ఉండెను. 1846లో నెలకొనిన ఆ పాఠశాలయే క్రమముగ పెరిగి ఉస్మానియా వైద్యకళాశాల యైనది. లారీ ఎడింబరోలో చదివినవాడు. క్లోరోఫారమిచ్చునప్పుడు నాడిని లక్ష్యపెట్టక శ్వాసనే కనిపెట్టి యుండవలెనను గురువుల మాటను ఆయన గట్టిగ నమ్మెను. తన చేతిమీదుగ వేలకొలది రోగులకు మత్తిచ్చిన అనుభవము ఆయన నమ్మికకు బలమిచ్చెను.

1888లో నిజాము ప్రభుత్వపు ధనసహాయముతో మొదటి హైదరాబాదు క్లోరోఫారము పరిశోధకసంఘమేర్పడెను. కుక్కలకు మత్తిచ్చి, శ్వాస ముందు ఆగునా, గుండె ముందు ఆగునాయని పరీక్షించి, శ్వాసయే ముందాగునని తేల్చిరి. లండనులోని లాన్సెటు అను వైద్యపత్రిక ఈ నిర్ణయమును సందేహించెను. అంతట నిజాము ప్రభుత్వము వేయి పౌనులిచ్చి, మీరే ఒక పండితుని పంపి పరీక్షింపుడని ఆ పత్రికకు తెలిపెను. ఆ కాలమున ఒక దేశీయ సంస్థానము ఇంగ్లండునందలి విద్వాంసులను తన ఖర్చుతో పిలిపించి శాస్త్రవివాదమును తీర్పుమని కోరుట సామాన్యవిషయము కాదు. లాన్సెటు పక్షమున థామసు లాడరు బ్రంటను అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. 1889 చివరి నెలలలో రెండవ సంఘము పని చేసినది. కుక్కలు, కోతులు, మేకలు మొదలగు జంతువులను వందలకొలది ఈ పరీక్షలకు ఉపయోగించిరి. ఆ మూగజీవములకు మనము ఋణపడి యున్నామని చెప్పకుండుట న్యాయము కాదు. సందేహముతో వచ్చిన బ్రంటను సైతము లారీ పక్షమునకే ఒప్పుకొనెను.

ఈ హైదరాబాదు వైద్యపాఠశాలలోనే రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ వనిత చదివి, క్లోరోఫారమిచ్చుటలో ఆరితేరెను. ప్రపంచమున మత్తువైద్యమును వృత్తిగ స్వీకరించిన తొలి స్త్రీలలో ఈమెను చరిత్రకారులు లెక్కించుచున్నారు. స్త్రీలు చదువుటయే అరుదైన ఆ దినములలో, రోగి ప్రాణమును తన చేతి గుడ్డమీది చుక్కలతో తూచుచు నిలిచిన ఈమె పేరు మన పిల్లలకు తెలియదగినది.

ఐతే లారీ నిర్ణయము పూర్తిగ నిజమా? కాదు. 1911లో గుడ్‌మన్ లెవీ అను ఇంగ్లీషు వైద్యుడు పిల్లులపై పరీక్షలు చేసి, క్లోరోఫారము తక్కువ మోతాదులో నున్నప్పుడు దేహములో అడ్రినలిను అను రసము పొంగినచో గుండె కొట్టుకొనుట తప్పి హఠాత్తుగ ఆగిపోవునని చూపెను. భయపడిన దేహములో అడ్రినలిను పొంగుట సహజము. అనగా భయముతో వణకుచు కుర్చీలో కూర్చున్న రోగికి కొంచెము మత్తిచ్చి పన్ను లాగుట మిక్కిలి అపాయకరమైన పద్ధతియే. శ్వాసను కనిపెట్టవలెనన్న లారీ మాట మంచిదే. గుండెకు భయమే లేదన్న మాట తప్పు. ఒక్క ద్వారమునకు కావలి పెట్టి రెండవ ద్వారమును మరచినట్లయినది. నేటి మత్తువైద్యులు శ్వాస, నాడి, రక్తపుపోటు, రక్తములోని ప్రాణవాయువు, అన్నియు ఎడతెగక చూచుచుందురు. క్లోరోఫారము వైద్యమునుండి తొలగిపోయినది. హైదరాబాదు పరిశోధన మనకు మిగిల్చిన పాఠము ఇది: నొప్పి లేకుండుట వేరు, అపాయము లేకుండుట వేరు. రెంటిని వేరువేరుగ విచారింపవలెను.

ఇక పన్ను కొరకు మనుష్యునంతటిని నిద్రపుచ్చవలయునా? పంటికి పోవు నరమును మాత్రము నిద్రపుచ్చిన చాలదా? ఈ ఆలోచనయే నేటి దంతచికిత్సకు పునాది. 1884లో వియన్నా నగరమున కార్లు కోలరు అను వైద్యుడు కొకైను ద్రావకపు చుక్కలు వేసిన కంటికి స్పర్శ తెలియదని చూపెను. వెంటనే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడు అను శస్త్రవైద్యుడు క్రిందిదవడ నరము చెంత ఆ మందును సూదితో ఎక్కించి, ఆ వైపు పండ్లను మొద్దుబార్చెను. కాని కొకైను వ్యసనమును కలిగించు మందు. హాల్‌స్టెడే తనపై పరీక్షలు చేసికొని దానికి బానిసయ్యెను. 1905 నాటికి జర్మనీలో ప్రొకైను అను నిర్వ్యసనమైన మందు వచ్చెను. 1943లో స్వీడను దేశమున నిల్సు లొఫ్‌గ్రెను లిడొకైనును కనుగొనెను. 1948లో అది అమ్మకమునకు వచ్చెను. నేటికిని మన దంతవైద్యులు సూదిలో ఎక్కించునది ప్రాయికముగ ఇదే. పలుమారు దీనిలో కొద్దిగ అడ్రినలినును కూడ కలుపుదురు. అది రక్తనాళములను ముడిచి, మందును అక్కడనే నిలిపి, రక్తస్రావమును తగ్గించును. క్లోరోఫారముతో కలిసి ప్రాణము తీసిన రసమే, ఇచ్చట మితముగ వాడినచో మేలు చేయుచున్నది. ఐనను గుండెజబ్బు గలవారు ఆ సంగతిని సూదికి ముందే వైద్యునితో చెప్పవలసిన కారణమిదియే.

ఎముకలో పంటిని నాటు ఊహయు నిన్నటిది కాదు. మధ్య అమెరికాలోని హోండురాసు దేశమున వెయ్యేండ్లకు పూర్వపు దవడయెముక దొరికినది. అందు ముందరి పండ్ల స్థానమున గుల్లతో చెక్కిన పండ్లు నాటబడి యున్నవి. కాని నాటినది ఎముకతో నమ్మకముగ అతుకుకొనవలె గదా. ఆ రహస్యము 1952లో స్వీడను దేశీయుడైన పెర్ ఇంగ్వార్ బ్రానెమార్కునకు అనుకొనకుండ చిక్కినది. ఆయన కుందేటి కాలియెముకలో రక్తము ప్రవహించు తీరును చూచుటకై టైటానియము అను లోహపు పరికరమును అమర్చెను. పని ముగిసిన తరువాత తీయబోగా అది రాలేదు. ఎముక దానిని తన దానిగ పట్టుకొనినది. 1965లో గోస్టా లార్సను అను రోగి దవడలో ఆయన టైటానియపు మరలు నాటెను. ఆ రోగి 2006లో మరణించువరకు, నలుబదియేండ్లకు పైగ, అవి పని చేసినవి. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సభ తరువాత ఈ చికిత్స లోకమంతట వ్యాపించినది.

ఇప్పుడు పెద్దల ప్రశ్నకు వత్తము. నొప్పియుండునా? శస్త్రము జరుగుచున్నంతసేపు నొప్పి యుండదు. మొదట సూది గ్రుచ్చినప్పుడు చురుక్కుమనును. కొన్ని నిమిషములలో పెదవి, చిగురు బరువెక్కి మొద్దుబారును. పిదప వైద్యుడు చిగురును కొంచెము తెరచి, చల్లని నీరు పోయుచు, నెమ్మదిగ ఎముకకు తూటు చేసి, లోహపు మరను బిగించును. రోగికి ఒత్తిడి తెలియును, అదురు తెలియును, తిరుగుడు శబ్దము వినబడును. నొప్పి మాత్రము తెలియదు. తెలిసినచో చేయెత్తి చెప్పవలెను. చెప్పిన వైద్యుడు ఆగి, మరికొంత మందు ఎక్కించును. ఓర్చుకొనుట ఇచ్చట మగతనము కాదు. చీము పట్టిన చోట ఈ మందు చక్కగ పని చేయదు. అందుచేత ముందు చీమును మాన్పి పిదపనే శస్త్రము చేయుదురు.

మత్తు దిగిన తరువాత, కొన్ని గంటలకు, నొప్పి మొదలగును. దీనిని దాచిపెట్టుట తగదు. రెండు మూడు దినములు సలుపు, వాపు ఉండును. వైద్యుడు వ్రాసిన సాధారణమైన నొప్పిమాత్రలకు అది లొంగును. ఒక్క పన్ను నాటించుకొన్నవారిలో చాలమంది, పన్ను తీయించుకొన్ననాటి నొప్పికంటె ఇది అధికము కాదనియే చెప్పుదురు. ఎముక చాలక వేరొక ఎముకపొడిని చేర్చినప్పుడును, పెక్కు పండ్లు ఒక్కసారి నాటినప్పుడును బాధ హెచ్చుగ నుండును. నొప్పి దినదినమునకు తగ్గవలెను. మూడు దినములు గడచిన పిదప తగ్గక హెచ్చినను, చీము, జ్వరము వచ్చినను, మరునాటికిని పెదవి తిమ్మిరి వదలకున్నను, ఆలస్యము చేయక ఆ వైద్యునికడకే పోవలెను.

లారీ కథను మరవకుండ రెండవ ద్వారమును కూడ చూతము. నొప్పి లేదు సరే, అపాయమో? రక్తములో చక్కెర అదుపు తప్పినవారికి గాయము త్వరగ మానదు. ఎముక లోహమును సరిగ పట్టుకొనదు. పొగత్రాగువారికిని అంతే. బీడీలు చుట్టి జీవించు కుటుంబములు మన ప్రాంతమున ఎన్నియో కలవు. చుట్టుట జీవనము, కాల్చుట దంతములకు కీడు. గుండెకై రక్తమును పలుచన చేయు మందులు వాడువారు వానిని తమంతట తాము మానరాదు, దంతవైద్యునికి తెలుపకయు నుండరాదు. ఎముకల బలహీనతకై కొన్ని మందులు పుచ్చుకొనువారు తప్పక చెప్పవలెను. ఆ మందుల వలన దవడయెముక మానక చెడుట కలదు. ఎముక లోహమును పట్టుకొనుటకు మూడు మొదలు ఆరు నెలలు పట్టును; తొందర పనికిరాదు. నాటిన పంటికి నరము లేదు గనుక అది పుచ్చదు, నొప్పి పుట్టదు. దాని చుట్టునున్న చిగురు మాత్రము చెడవచ్చును. కనుక స్వంత పంటివలెనే దానిని ప్రతిదినము శుభ్రపరుపవలెను.

పళ్ళూడగొట్టుకొనుటకు ఏ రాయియైననేమి యని లోకోక్తి. పోయిన పండ్లను పెట్టించుకొనుటకు మాత్రము ఏ చేయియైనను చాలునని తలపరాదు. నేర్పరియైన వైద్యుని, శుభ్రమైన స్థలమును వెదకవలెను. ఈ చికిత్స ఖర్చుతో కూడినది, అందరికిని అవసరమునుగాదు. తీసిపెట్టుకొను పండ్లవరుసలతో సుఖముగ జీవించువారు పెక్కురు కలరు. ఖర్చును, ఆరోగ్యమును, వయస్సును తూచి, వద్దనుకొన్నచో అది వివేకమే. కాని జొన్నరొట్టెను నీళ్ళలో నానవేసికొని తినుచు, పప్పుగుత్తితో మెదిపిన అన్నమే గతియని కూర్చుండి, "నొప్పికి వెరచి పోలేదు" అని చెప్పుట మాత్రము నేటి కాలమునకు తగిన కారణము కాదు. తాతలు వెరచిన నొప్పి వారి కాలములో నిజము. దానిని గెలుచుటకై ఒకడు తన పంటినే తీయించుకొనెను, ఒకడు తన దేహమునే చెడగొట్టుకొనెను, మన హైదరాబాదు తన ధనము వెచ్చించెను. వారు గెలిచిపెట్టిన దానిని అనుభవించుటకు మనము వెరవనక్కరలేదు. వైద్యుని రెండు ప్రశ్నలడుగుడు: నొప్పి యెట్లుండును? నా దేహమునకు అపాయమేమి? రెంటికిని నిదానముగ సమాధానము చెప్పు వైద్యునికడ నోరు తెరువుడు. సెలవు.